సగానికి కోసిన మాత్ర

రొంపిచెర్ల,
8 జూలై 2024.

ఒరేయ్ ఖాదరూ,

ఉత్తరం మొదట్లో మేమంతా క్షేమం అని రాయటం రివాజు. ఈసారి ఆ మాట రాయను. నేను క్షేమంగా లేను. లేనని తేలింది. అందుకే కాలు నేల మీద ఆనటం లేదు. నీకు ఎప్పుడు చెబుదామా అని నాలుగు రోజుల నించి తన్నుకులాడుతున్నా. ఫోను చేస్తే నీకు వినపడదు. ముప్ఫై ఏళ్ళు ఆయిలింజన్ల పక్కన కూర్చుని చెవులు వాటికే ఇచ్చేశావు. నేను ఏం చెప్పినా "సరే సరే, ఆదిలక్ష్మమ్మను అడిగానని చెప్పు" అని పెట్టేస్తావు. అందుకని పోస్టాఫీసుకు పోయి డజను కవర్లు కొనుక్కొచ్చా.

విషయం ఏందంటే, నా జబ్బు దొరికింది.

నువ్వు ఇక్కడ ఇంజన్లు బాగుచేసే షెడ్డు మూసి మాచర్లలో మీవాడు అల్తాఫ్ దగ్గరికి పోయిన ఏడే నాకు ఆయాసం మొదలైంది గదా. గట్టెక్కితే ఆయాసం, గేదెకు గడ్డి మోస్తే ఆయాసం, ఆఖరికి చొక్కా తొడుక్కున్నా ఆయాసం. ఆరుగురు డాక్టర్లకు చూపించా. ఒకాయన గ్యాసన్నాడు. ఒకాయన ఉబ్బసమని పీల్చే మందిచ్చాడు. మిగతా నలుగురూ ఒకే మాట, "వయసు పెద్దాయనా" అని. మా ఆదిలక్ష్మమ్మ అయితే ఏ చదువూ చదవకుండానే బద్ధకం అని తేల్చేసింది. "గడ్డి కొయ్యాల్సిన పూటే వస్తదేందయ్యా నీకు ఆయాసం, పెళ్ళి భోజనానికి పొయ్యేటప్పుడు రాదే" అనేది.

ఇప్పుడు అసలు సంగతి విను. మా సుకన్య నరసరావుపేట ఆస్పత్రిలో గుండెను మిషను మీద చూసే పని చేస్తది గదా, ఎకో అంటారు. ఆ కోర్సులో చేర్పించినప్పుడు ఊళ్ళో ఎంతమంది నవ్వారో నీకు గుర్తుండే ఉంటది. డాక్టరూ కాదు, నర్సూ కాదు, ఫొటోలు తీసే చదువేందని. పోయిన నెల దానికి దోసకాయ పప్పు క్యారేజీ ఇద్దామని పోయా. మెట్లెక్కేసరికి నోట మాట రాలా. ఆ రోజే వాళ్ళకు కొత్త మిషను వచ్చింది. కంపెనీ ఆయన బిగించి, "ఎవరిదన్నా ఛాతీ కావాలి మేడమ్, సరి చూసుకోవాలి" అన్నాడు. "మా నాన్న ఉన్నాడు గదా" అని సుకన్య నన్ను బల్ల మీద పడుకోబెట్టి చల్లటి జిగురు పూసింది. పప్పులో మీ అమ్మ ఉప్పు తక్కువేసిందని నేను చెబుతానే ఉన్నా. దాని చెయ్యి ఆగింది. నేను ఇంకా చెబుతానే ఉన్నా. "నాన్నా, ఒక్క నిమిషం మాట్లాడకు" అంది. తెర వంక చూస్తానే పెద్ద డాక్టరును పిలిపించింది.

ఊపిరితిత్తుల్లోకి రక్తం మోసే గొట్టాలు బిగుసుకుపోయినయ్యంట. వాటిల్లోకి నెట్టలేక నెట్టలేక గుండెలో కుడి పక్క ఉబ్బిపోయిందంట. ఇది చేతికి పట్టీ కట్టి చూసే బీపీ కాదురా. ఆ బీపీ నాకు బంగారంలా ఉంది. ఇది లోపలి బీపీ, పట్టీకి దొరకదు. గుంటూరు తీసకపోయి రక్తం గడ్డలేమన్నా ఉన్నయ్యేమోనని ఒక పరీక్ష, ఊపిరి ఊదించి ఒక పరీక్ష చేశారు. చివరికి మెడ దగ్గర చిన్న బెజ్జం పెట్టి సన్నటి గొట్టాన్ని గుండెలోకి పంపి, లోపలే కొలిచారు. అట్లా కొలిస్తేనే ఖాయమంట. పేరు పల్మనరీ ఆర్టీరియల్ హైపర్‌టెన్షన్. సుకన్య చేత చీటీ మీద రాయించుకుని చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నా. అడిగినోళ్ళకు చదివి వినిపిస్తున్నా. అడగనోళ్ళకు కూడా.

"పెద్ద వయసులో ఇది వస్తే అందరూ వయసు కిందకు తోసేస్తారు, దొరకటానికే ఏళ్ళు పడతది" అని గుంటూరు డాక్టరు చెప్పాడు. "మీ అమ్మాయి బాగా పట్టుకుంది" అన్నాడు. ఇంకోసారి అనమన్నా. అన్నాడు. ఆరుగురికి దొరకంది నా బిడ్డకు దొరికిందిరా, అదీ మిషను సరి చూసుకోబోతే. మన మండలంలో ఈ జబ్బు నా ఒక్కడికే ఉన్నట్టుంది. ఇంకెవరన్నా ఉంటే ఈపాటికి నా దగ్గరికి వచ్చేవాళ్ళు.

ఉగాదికి కలిసినప్పుడు నీకూ ఆయాసం అన్నావు. ఎట్లా ఉందో రాయి.

నీ
చెన్నకేశవులు

*

మాచర్ల,
17 జూలై.

కేశవులూ,

నీ ఉత్తరం చదువుతుంటే నా ముఖం చూసి మా కోడలు సాజిదా "ఎవరిదన్నా పెళ్ళా" అని పలక మీద రాసి అడిగింది. నాతో మాట్లాడాలంటే ఇప్పుడు పలకా బలపమే. కేశవులుకు జబ్బు చేసిందమ్మా అన్నా. నమ్మలా. సర్పంచిగా గెలిచినోడు కూడా అంత సంబరంగా రాయడు మరి.

సుకన్య సంగతికి నేను ఆశ్చర్యపోలేదు. చిన్నప్పుడు బడి నించి నేరుగా షెడ్డుకొచ్చి, ఏ ఇంజను ఎందుకు ఆగిందో చప్పుడు విని చెప్పేది. అది నీ పోలిక కాదు. నా దగ్గర నేర్చుకుంది.

అంతా రాశావు. పప్పులో ఉప్పు దాకా రాశావు. ఒక్కటి రాయలా. ఇది నయమయ్యే జబ్బేనా?

నా గురించి రాయటానికేం లేదు. మసీదుకు పొయ్యే దారిలో రెండు చోట్ల ఆగుతున్నా. ఒక చోట మేకలుంటయ్. ఆయాసమని ఎవరికీ తెలియకుండా మేకల్ని చూస్తున్నట్టు నిలబడతా. మేకలాయన నేను కొంటాననుకుని ఏదో చెబుతున్నాడు. వినపడదు గదా, తల ఊపుతున్నా. రంజాను నెలలో ఒక రోజు రొమ్ము మీద బస్తా పెట్టినట్టుంటే ఇక్కడి డాక్టరు బుల్లి మాత్రలిచ్చాడు, బరువనిపించినప్పుడు నాలుక కింద పెట్టుకోమని. పిప్పరమెంటులా కరుగుతది. పెద్ద పరీక్షలు చేయించుకోమన్నాడు. ఎందుకులే, వయసు అని ఊరుకున్నా. అల్తాఫ్ ఉల్లిపాయల ఆటో బాగానే నడుస్తంది. మైకు పెట్టుకుని బజారు బజారు తిరుగుతాడు. మాచర్ల అంతా వాడి గొంతు వింటది, నేను తప్ప.

నీ
ఖాదర్ వలి

*

రొంపిచెర్ల,
5 ఆగస్టు.

ఒరేయ్ ఖాదరూ,

నీ ఉత్తరాన్ని మా అరుగు మీద ఆరుగురికి చదివి వినిపించా. సుకన్య ముక్క రెండుసార్లు చదివా.

వైద్యం మొదలైంది. అదొక తిరనాళ్ళలా ఉంది. ముందు మాత్రల సంగతి చెబుతా, ఎవరూ లేని చోట కూర్చుని చదువు. బిగుసుకున్న గొట్టాల్ని వదులు చెయ్యటానికి సిల్డెనాఫిల్ అనే మాత్ర, ఇరవై మిల్లీగ్రాములది, రోజుకు మూడు. ఇంతే గదా అని చీటీ పట్టుకుని మన శ్రీమన్నారాయణ మందుల షాపుకు పోయా. చీటీ చూశాడు. నన్ను చూశాడు.

"ఎవరికి బాబాయ్?"

"నాకే."

"ఎప్పుడన్నా ఒకటా?"

"రోజూ. పూటకొకటి. మూడు పూటలా."

స్టూలు మీద కూలబడ్డాడు. "పిన్నికి తెలుసా?" అన్నాడు.

"ఆమే డబ్బాలో పెట్టి టైము చూసి ఇస్తది."

అప్పటికి గానీ వాడు చెప్పలేదురా, లోకంలో ఆ మాత్ర దేనికి వాడతారో. మగతనం మాత్రంట. మొదట అందుకే వాడినా, ఊపిరితిత్తుల గొట్టాలకు కూడా పని చేస్తదంట. ఇదంతా నేను చీటీ చదివి వాడికి వివరించేలోపు షాపులో ఉన్న నలుగురూ నలుగురికి చెప్పారు. సాయంత్రానికి బుల్లెమ్మ వదిన మా ఇంటికొచ్చి, ఆదిలక్ష్మమ్మ రెండు చేతులూ పట్టుకుని, "ఈ వయసులో నీకీ కష్టమేందమ్మా" అని కళ్ళు తుడుచుకుంది. మా ఊళ్ళో రెండు వర్గాల పెద్దలకూ ముప్ఫై ఏళ్ళుగా మాటల్లేవు గదా. వాళ్ళూ వీళ్ళూ ఒకే పూట మా అరుగు మీదకొచ్చి, నా ఆరోగ్యం అడిగి, పొయ్యేటప్పుడు ఒక్కొక్కరు వెనక్కొచ్చి చెవిలో మాత్ర పేరు అడిగిపోయారు. నేను చీటీ తీసి జబ్బు పేరు చదువుతున్నా. వాళ్ళకు ఆ పేరు అక్కర్లేదు.

ఇంకా విను. ఒంట్లో నీరు చేరకుండా ఒంటేలుకు మాత్ర ఒకటి. ఉప్పు బందు. గోంగూర జాడీని మా ఆవిడ బీరువాలో చీరల మధ్య పెట్టి తాళమేసింది. నా బరువు రోజూ పొద్దున్నే చూసుకోవాలి. రెండు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు చేరినట్టు, వెంటనే సుకన్యకు చెప్పాలి. ఇంట్లో బరువు చూసే మిషను లేదు గదా, మిరపకాయల కాటా దగ్గరికి పోతున్నా. కాటా ఆయన బస్తాకు అరిచినట్టే "అరవై నాలుగూ" అని అరిచి, పంచే చొక్కా తరుగు కింద కిలో తీసేసి పుస్తకంలో రాస్తున్నాడు. మొదటి వారం నాలో తేమ ఎక్కువుందన్నాడు. డాక్టరూ అదే అన్నాడు.

ఆస్పత్రిలో ఆరు నిమిషాలు నడిపించి, ఎంత దూరం పోయానో, రక్తంలో గాలి ఎంత తగ్గిందో చూస్తారు. వరండాలో ఆ చివర ఒక కుర్చీ, ఈ చివర ఒక కుర్చీ. రెండు వందల నలభై మీటర్లు నడిచా. ఊరికొచ్చి బడి వరండాలో మా వయసోళ్ళందరినీ నడిపించా. రెండు వర్గాలోళ్ళూ పోటీ పడి పరిగెత్తారు. పరిగెత్తకూడదయ్యా అంటే వినరు. నేను ఆఖర్నొచ్చా. అందరూ చప్పట్లు కొట్టారు.

ఖాదరూ, నిజంగానే గుణం కనపడతంది. పోయిన వారం చొక్కా ఒక్క ఊపులో తొడుక్కున్నా. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. గట్టు మీద నేను ఆగినట్టే మేకల దగ్గర నువ్వు ఆగుతున్నావు. నాదీ నీదీ ఒక్కటే ఆయాసం, ఒక్కటే వయసు. ఎనిమిదో తరగతిలో ఒక్క లెక్కల పుస్తకం కొని, నడిమికి చింపి, ముందు సగం నువ్వూ వెనక సగం నేనూ చదివి ఇద్దరం తప్పినోళ్ళం. అప్పట్నించి దొరికినదల్లా చెరి సగమే. మందు మాత్రం నా ఒక్కడికే ఎందుకు? పది మాత్రల అట్టను కత్తెరతో నడిమికి కోసి అయిదు ఈ కవర్లో పెడుతున్నా. వేసుకుని చూడు. సాజిదాకు చూపించొద్దు. అట్ట మీద పేరు ఫోనులో వెతికిందంటే ఇద్దరం తలెత్తుకోలేం.

నీ
చెన్నకేశవులు

*

మాచర్ల,
13 ఆగస్టు.

కేశవులూ,

మాత్రలు అందినయ్. సాజిదాకు కనపడకుండా షెడ్డు నాటి పానాలు, రెంచీల పెట్టెలో దాచా. ఈ వయసులో నాతో ఈ దొంగ పనులేందిరా.

వద్దనుకున్నా. కానీ నిన్న మేకల దగ్గర నిలబడితే కళ్ళు బైర్లు కమ్మినయ్. మేకలాయన పట్టుకున్నాడు. నీకు గుణం కనపడిందన్నావు గదా, శుక్రవారం నమాజు నించి వచ్చాక మొదలుపెడతా.

మొదటి ఉత్తరంలో నిన్నొక మాట అడిగా. దానికి జవాబు రాయలా. కాటా గురించి రాశావు, గోంగూర గురించి రాశావు.

నీ
ఖాదర్ వలి

*

రొంపిచెర్ల,
16 ఆగస్టు, శుక్రవారం.

ఒరేయ్ ఖాదరూ,

నీ ఉత్తరం ఇప్పుడే పోస్టుమాన్ ఇచ్చిపోయాడు. మొదలుపెడుతున్నందుకు చానా సంతోషం. భోంచేశాక వేసుకో.

సోమవారం నరసరావుపేటలో చూపించుకున్నా. సుకన్య నా మాత్రల అట్టలన్నీ బల్ల మీద పరిచి లెక్కపెట్టింది. అది చిన్నప్పుడు కూడా అంతే, ఇంజను విప్పితే నట్లు లెక్కపెట్టేది. "అయిదు తగ్గినయ్ నాన్నా" అంది. ఎలుక ఎత్తకపోయిందన్నా.

"ఎలుక అట్టను కత్తెరతో కోసిందా?"

"మన ఎలుకలు నీకు తెలియదమ్మా."

కోసిన అట్టను నా ముందుకు తోసింది. కోప్పడలా. "సరే నాన్నా. ఆ ఎలుక ఎవరైనా సరే ఒక మాట చెప్పు. ఈ మాత్ర నీ కోసం లెక్కేసి ఇచ్చింది. అందరి ఆయాసం నీ ఆయాసం కాదు. ఆ ఎలుక గుండెనొప్పికి నాలుక కింద మాత్ర పెట్టుకునే ఎలుకైతే, ఈ రెండూ కలిస్తే బీపీ పాతాళానికి పోతది. పడిపోతది. మళ్ళీ లేవదు" అంది. మన ఎలుకకు అట్లాంటి జబ్బుల్లేవమ్మా, రాయిలా ఉంటదన్నా. నిన్ను ఎలుకన్నానని ఏమనుకోవద్దు.

ఇంకేం సంగతులు. ఏదో అడిగా, జవాబు రాయలేదన్నావు. ఏం అడిగావో గుర్తు లేదు. ఉండు, నీ పాత ఉత్తరం బియ్యం డబ్బా మీద ఉంది, తీసి చూసి రాస్తా.

ఖాదరూ వేసుకోవద్దు.

నాలుక కింద మాత్ర అని రాశావు. నీ చేత్తో రాశావు. నేను అరుగు మీద పైకి చదివా. వేసుకోవద్దు. ఒంటిగంటన్నర దాటింది. నమాజు అయిపోయి ఉంటది. ఆదిలక్ష్మమ్మ అల్తాఫ్‌కు ఫోను చేస్తంది. మోగుతా ఉంది, ఎత్తటం లేదు. మైకు మోతలో వినపడటం లేదేమో. సాజిదా నంబరు మా దగ్గర లేదు. ఇంకెవరి నంబరూ లేదు. నీకు చేసి లాభం లేదు. ఈ కాగితం నీకు మూడు రోజులకు గానీ అందదని తెలుసు, చెయ్యి ఊరుకోవటం లేదు, రాస్తానే ఉన్నా. వేసుకోవద్దు వేసుకోవద్దు. మళ్ళీ చేస్తంది. మోగుతా ఉంది.

ఎత్తాడు.

*

మాచర్ల,
17 ఆగస్టు.

కేశవులూ,

బతికే ఉన్నా. అల్తాఫ్ నీకు ఫోనులో చెప్పే ఉంటాడు. వాడికి తెలియనిది నేను రాస్తా.

నిన్న పొద్దున రొమ్ము మీద బరువనిపించి నాలుక కింద మాత్ర పెట్టుకునే నమాజుకు పోయా. వచ్చి మంచం మీద కూర్చుని నీ మాత్ర తీశా. పాత బండికి కొత్త ఆయిలు ఒక్కసారే నింపకూడదు గదా, సగంతో మొదలుపెడదాం అనుకున్నా. పైగా మనకు ఏదైనా సగమే అలవాటు. షెడ్డు నించి తెచ్చుకున్న, సామాను బిగించి పట్టే చిన్న వైసు ఉంది. దాన్లో మాత్రను బిగించి రంపం బ్లేడుతో కొయ్యటం మొదలుపెట్టా. ఎంత ఇంజనైనా విప్పొచ్చు గానీ దీన్ని కొయ్యటం నా వల్ల కాలా. మూడోసారికి తెగింది. తెగి ఒక సగం మంచం కిందకు ఎగిరింది. నేను మంచం కిందకు దూరి వెతుకుతున్నా.

అదే సమయానికి మా బజారు మొదట్లో అల్తాఫ్ ఆటోకు మేకల మంద అడ్డం పడింది. వాడు కదల్లేక, సాజిదా ఫోను ఎత్తక, మైకు తీశాడు. "అబ్బాజాన్, కేశవులు పెదనాన్న పంపిన మాత్ర వేసుకోవద్దు" అని అరిచాడంట. ఉల్లిపాయల రికార్డు ఆపటం మరిచిపోయాడంట. "ఎర్ర ఉల్లిపాయలమ్మా, రండమ్మా రండి, అబ్బాజాన్ మాత్ర వేసుకోవద్దు, గట్టి ఉల్లిపాయలమ్మా." బజారంతా బయటికొచ్చింది. ఎదురింటి సబీహా తన షుగరు మాత్రను ఉమ్మేసిందంట. ఆ వేళకు మాత్ర వేసుకోబోతున్న ముసలోళ్ళందరూ ఆపేశారంట. ఊరందరికీ వినపడింది. నాకు తప్ప.

సాజిదా పిండి చేతులతో లోపలికి పరిగెత్తుకొచ్చింది. పలక దొరికింది, బలపం దొరకలా. ఇంక చూడలేదు. నా కాళ్ళు పట్టుకుని మంచం కింద నించి బయటికి లాగి, మట్టి తిన్న పిల్లోడికి చేసినట్టు నా నోట్లో వేలు పెట్టి వెతికింది. అయిదు రోజుల దాకా గోధుమ పిండి రుచి పోయేట్టు లేదు. తర్వాత బలపం దొరికితే "మింగారా" అని రాసింది. రెండు సగాలూ చూపించా. కూర్చుని ఏడ్చింది. ఏడవటం అయ్యాక పలక తుడిచి, "ఇది దేనికి వాడే మాత్ర" అని రాసింది. చెవులు ఎట్లాగూ లేవు. కళ్ళు కూడా లేనట్టు కూర్చున్నా.

ఇక్కడి డాక్టరు దగ్గరికి తీసకపోయారు. రెండూ కలిసి ఉంటే ఈ ఉత్తరం రాసేవాడు ఉండడన్నాడు.

ఒక ఇంజను సామాను ఇంకో ఇంజనుకు వేసే ముందు పుస్తకం చూడాలని ముప్ఫై ఏళ్ళు పనోళ్ళకు చెప్పింది నేనే. కాబట్టి తప్పంతా నీ మీద వేసుకోవద్దు. ఇది కూడా చెరి సగం.

నేను అడిగిన మాట ఇంకా అట్లాగే ఉంది.

నీ
ఖాదర్ వలి

*

రొంపిచెర్ల,
20 ఆగస్టు.

ఖాదర్‌కు,

నయం కాదు.

అదీ జవాబు. మందులతో గొట్టాలు కొంచెం వదులవుతయ్. నడవొచ్చు, తినొచ్చు, చొక్కా తొడుక్కోవచ్చు. జబ్బు మాత్రం పోదు, మాత్రలు మానకూడదు. ఎన్నేళ్ళని నేను అడగలా. నేను బయట బెంచీ మీద ఉన్నప్పుడు సుకన్య అడిగింది. ఏం చెప్పారో నాకు చెప్పలా. ఆ రోజు నించి దాని ముఖాన నవ్వు లేదు. ఫోనులో ఉప్పు, నీళ్ళు, బరువు, మాత్ర, ఇంతే. నా జబ్బును తనే పట్టుకోవాల్సి వచ్చిందే అని కుమిలిపోతందేమోనని నా భయం. అందుకే దాని ముందు, ఊరి ముందు, నీ ముందు కూడా సంబరం చేశా. అబద్ధపు సంబరం కాదురా. నా బిడ్డ గొప్ప పని చేసింది, ఆ మాట నిజం. కాకపోతే ఆ సంబరంలో నాకు ఏమీ వినపడలా. నీ ఉత్తరంలో నాలుక కింద మాత్ర అనే ముక్కను నా నోటితోనే పైకి చదివా. ఆరుగురు విన్నారు. నేను వినలా. చెవుడు నీకంటే నాకే ఎక్కువుంది.

ఎలుక ఎవరో సుకన్యకు చెప్పేశా. తిట్టలా. పుస్తకం తీసి సెప్టెంబరు రెండు, సోమవారం, పది గంటలకు నీ పేరు రాసుకుంది. "ఖాదరు మామయ్యకు వయసు అని ఎవరన్నారు" అని మాత్రం అడిగింది. నువ్వే అన్నావని చెప్పా. రాకపోతే నేనే వస్తా. నాకు మెట్లెక్కటం మంచిది కాదు, మీ ఇల్లు మేడ మీద. ఆలోచించుకో.

చెన్నకేశవులు

*

మాచర్ల,
26 ఆగస్టు.

కేశవులూ,

వస్తా. అల్తాఫ్ తీసుకొస్తాడు.

మేకలాయన నిన్న ఒక మేకను తెచ్చి మా మెట్ల దగ్గర కట్టాడు. రెండు నెలలుగా బేరానికి తల ఊపుతున్నానంట. సాజిదా పలక మీద ఏమీ రాయకుండా పలకే నా చేతికిచ్చి పోయింది. మేకకు సుకన్యా అని పేరు పెడదామనుకుని, నువ్వు ఒప్పుకోవని మానుకున్నా.

ఖాదర్ వలి

*

రొంపిచెర్ల,
5 సెప్టెంబరు.

ఒరేయ్ ఖాదరూ,

నువ్వూ అక్కడే ఉన్నావు గదా, మళ్ళీ రాసేదేందని అనుకోవద్దు. నీకు వినపడనివి రాస్తున్నా.

బల్ల మీద నిన్ను పడుకోబెట్టాక సుకన్య మిషనును రెండుసార్లు సరి చూసుకుంది. నీకు కనపడలా, నువ్వు కళ్ళు మూసుకున్నావు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నా. తెర చూసి గట్టిగా ఊపిరి వదిలి, "నాన్నా, ఈయనది వేరే" అంది. నీ కుడి పక్క శుభ్రంగా ఉందంట. ఊపిరితిత్తుల గొట్టాలు బాగున్నయ్యంట. నీకు ఎడమ పక్క గుండె సరిగ్గా కొట్టుకోవటం లేదంట, దానికి రక్తం తెచ్చే నాళంలో అడ్డముండి ఉంటదంట. "ఇద్దరికీ ఒకే ఆయాసం, రెండు వేరు వేరు జబ్బులు. పెద్దోళ్ళలో ఇదే చిక్కు. అందుకే ఒకరి మాత్ర ఇంకొకరు మింగకూడదు" అని డాక్టరు మనిద్దరి ముందు చెప్పాడు. నీకు పలక మీద రాసి చూపించారు గానీ చివరి ముక్కకు చోటు చాలలా. ఆ ముక్క నా వంక చూసి చెప్పాడు. గుంటూరులో సన్నటి గొట్టం పంపి చూసి, స్టెంటు వేస్తే మేకల దగ్గర ఆగక్కర్లేదంట. ఈ నెల పద్దెనిమిదిన. సాజిదాకు రాసిచ్చాం, నీకు చెబితే ఎందుకులే అంటావని.

తర్వాత నా ఆరు నిమిషాల నడక. నువ్వు ఊరుకోకుండా నా పక్కనే నడిచావు. నర్సమ్మ "మీరు నడవకూడదు పెద్దాయనా, కూర్చోండి" అని నాలుగుసార్లు అరిచింది. అదీ నీకు వినపడలా. మూడు నిమిషాలకు ఆ చివర కుర్చీలో కూలబడి, "మిగతా సగం నువ్వు నడువు" అన్నావు. నడిచా. రెండు వందల తొంభై వచ్చింది ఖాదరూ, పోయినసారి కంటే యాభై మీటర్లు ఎక్కువ. తిరిగొచ్చి నీ పక్కన కూర్చుంటే నువ్వు ఒక మాటన్నావు. మెల్లగా అన్నాననుకున్నావు. చెవుడు వచ్చినప్పట్నించి నువ్వు మెల్లగా మాట్లాడింది ఎప్పుడు? ఆ వరండాలో ఉన్న పాతిక మందీ విన్నారు.

"కేశవులూ, నీకు ఎడమ పక్క బాగుంది, నాకు కుడి పక్క బాగుంది. షెడ్డు ఉన్న రోజులైతే రెండూ విప్పి ఒక మంచి ఇంజను చేసి పెట్టేవాణ్ణి" అన్నావు.

అప్పుడు ఎకో గది తలుపు తీసే ఉంది. సుకన్య చేతిలో ఆ జిగురు సీసా ఉంది. అది నవ్వింది. ముందు ఆపుకుంది, ఆగలా. గోడకానుకుని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటా పెద్దగా నవ్వింది. చిన్నప్పుడు షెడ్డులో ఆగిన ఇంజను మళ్ళీ అందుకున్నప్పుడు నవ్వేదే, ఆ నవ్వు. రెండు నెలల తర్వాత వినటం.

నువ్వు అటు తిరిగి మేకకు దాణా ఏం పెట్టాలని అల్తాఫ్‌ను అడుగుతున్నావు. నీకు వినపడలేదు గదా, అందుకే రాస్తున్నా.

నీ
చెన్నకేశవులు